పదిహేడు అంగుళాలా, పద్దెనిమిదా: దూరప్రయాణపు విమానాల సీట్లపై ఒక సమీక్ష

మా అబ్బాయి డల్లాస్‌లోనూ, అమ్మాయి న్యూజెర్సీలోనూ స్థిరపడడంతో గత పదేళ్లలో నేనూ నా భార్యా హనుమకొండ నుంచి అమెరికాకు ఐదుసార్లు వెళ్లివచ్చాము. ఐదుసార్లూ ఎకానమీ తరగతిలోనే ప్రయాణించాము. బోయింగ్ 777, ఎయిర్‌బస్ ఏ380, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 అనే నాలుగు రకాల పెద్ద విమానాల్లో గంటల తరబడి కూర్చున్నాము. ఇంటర్ విద్యార్థులకు ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఏదైనా కొలిచి చూస్తే తప్ప నాకు తృప్తి ఉండదు. అందుకని ప్రతి ప్రయాణంలోనూ దర్జీ టేపు వెంట తీసుకువెళ్లి సీటు వెడల్పు, మోకాళ్ల ముందు ఖాళీ కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న “ఏ ఎయిర్‌లైన్స్ మంచిది?” అని. ఎకానమీలో వెళ్లే మనిషి దానికంటే ముందు వేయవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయని నా అనుభవం చెబుతున్నది: అది ఏ రకం విమానం, అందులో వరుసకు ఎన్ని సీట్లు?

ఎందుకో చెప్పడానికి మన ఆర్టీసీ బస్సునే ఉదాహరణగా తీసుకుంటాను. పల్లెవెలుగు బస్సులో ఒకవైపు మూడు, మరొకవైపు రెండు సీట్లు ఉంటాయి. సూపర్ లగ్జరీలో రెండువైపులా రెండేసి ఉంటాయి. బస్సు వెడల్పు మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. పరకాల వెళ్లే బస్సులో మూడో మనిషి భుజం ఎందుకు నడవలోకి వస్తుందో, హైదరాబాద్ వెళ్లే బస్సులో ఎందుకు రాదో మనందరికీ తెలిసిన సంగతే. విమానంలో జరిగేది కూడా సరిగ్గా ఇదే. విమానం గొట్టం వెడల్పు తయారీదారు చేతిలో ఉంటుంది. అందులో వరుసకు ఎందరిని కూర్చోబెట్టాలన్నది ఎయిర్‌లైన్స్ నిర్ణయం.

బోయింగ్ 777 లోపలి వెడల్పు 5.87 మీటర్లు. 1995లో ఈ విమానం సేవలోకి వచ్చినప్పుడు చాలా సంస్థలు వరుసకు తొమ్మిది సీట్లు పెట్టాయి. క్రమంగా అది పదికి పెరిగి, కిటికీల పక్క మూడేసి, నడుమ నాలుగు అన్న అమరికే ఇప్పుడు చాలాచోట్ల కనబడుతున్నది. నడవలను కూడా కలుపుకొని వెడల్పును మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని నేను తలసరి వెడల్పు అంటాను. నడవల వెడల్పు విమానాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇది మోటు లెక్కే, అయినా పోల్చుకోవడానికి పనికివస్తుంది. తొమ్మిదిమంది కూర్చున్న 777లో తలసరి 65 సెంటీమీటర్లు వస్తుంది. పదిమంది కూర్చుంటే 59 కూడా నిండదు. ఏ380 కింది అంతస్తు వెడల్పు సుమారు ఆరున్నర మీటర్లు. అక్కడా పదిమందే కూర్చుంటారు గనుక తలసరి 65 దక్కుతుంది. ఏ350 వెడల్పు 5.61 మీటర్లు, తొమ్మిదిమందికి తలసరి 62. బోయింగ్ 787 వెడల్పు 5.49 మీటర్లు, అదే తొమ్మిదిమందికి 61. ఏ330 అన్నింటికంటే సన్నని గొట్టమే అయినా, 5.28 మీటర్లలో ఎనిమిదిమందే కాబట్టి తలసరి 66 వస్తుంది. చూడడానికి చిన్న విమానంలో మనిషికి ఎక్కువ చోటు దొరకడం నన్ను మొదట ఆశ్చర్యపరిచింది.

టేపుతో కొలిచినప్పుడు కూడా లెక్క ఇలాగే తేలింది. పది సీట్ల 777లో రెండు ఆర్మ్‌రెస్టుల మధ్య నాకు 17 అంగుళాలు వచ్చింది. ఏ380లో 18 అంగుళాలు, ఏ350లో 18కి కొంచెం తక్కువ, 787లో 17కు కొంచెం ఎక్కువ. ఒక అంగుళం తేడాకు ఇంత రాద్ధాంతం దేనికని మా అబ్బాయే అడిగాడు. నాలుగు గంటల ప్రయాణంలో అది లెక్కలోకి రాకపోవచ్చు. దుబాయి నుంచి డల్లాస్‌కు సుమారు పదహారు గంటలు పడుతుంది. అన్ని గంటలు భుజం ముడుచుకొని కూర్చుంటే మెడ దగ్గర మొదలైన నొప్పి మోచేతి దాకా దిగుతుంది. పక్క మనిషికి తగలకూడదన్న మొహమాటంతో నిద్రలో కూడా కండరాలు సడలవు. దూరప్రయాణపు ఎకానమీ సీటుకు 18 అంగుళాలు కనీస ప్రమాణం కావాలని ఎయిర్‌బస్ సంస్థ 2013లో బహిరంగంగా కోరింది. పోటీదారు విమానాల్లో సీట్లు ఇరుకని చెప్పుకోవడంలో ఆ సంస్థకు వ్యాపార ప్రయోజనం ఉన్నమాట నిజమే. తర్వాత ఏ350లోనూ వరుసకు పది సీట్లు పెట్టిన సంస్థలు ఒకటి రెండు వచ్చాయి. అందువల్ల విమానం పేరు చూసి ఆగిపోకుండా సీట్ల పటంలో వరుసకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలని చెబుతున్నాను.

మా మొదటి ప్రయాణం 2016లో, ఇవేవీ తెలియని రోజుల్లో జరిగింది. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు సుమారు 160 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా మూడు గంటలు పడుతుంది. విమానం వేళకు మూడు గంటల ముందు చేరుకోవాలి. తర్వాత గల్ఫ్ దాకా నాలుగు గంటలు, అక్కడ ఎదురుచూపు, ఆ పైన అసలు ప్రయాణం. గడప దాటిన క్షణం నుంచి లెక్కిస్తే ముప్పై గంటలవుతుంది. మామునూరులో నిజాం కాలంనాటి విమానాశ్రయం మళ్లీ తెరుచుకుంటే ఈ లెక్కలో కొంతైనా తగ్గుతుందని మా ఓరుగల్లువాళ్లందరం ఎదురుచూస్తున్నాము. అప్పటికే అలసిపోయి సీటు దగ్గరికి చేరేసరికి, ముందుగా ఎంచుకున్న రెండు నడవ సీట్లూ మారిపోయి ఉన్నాయి. చివరి నిమిషంలో వేరే విమానం కేటాయించారట. నా భార్యకు రెండు మోకాళ్లూ అరిగి ఉన్నాయి. ఆమెకు మధ్య సీటు వచ్చింది. డబ్బు చెల్లించి ఎంచుకున్న సీటు విమానం మారగానే చెల్లకుండా పోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తున్నది. ఆ ఎయిర్‌లైన్స్ ఆ రుసుము తిరిగి ఇవ్వడానికి రెండు నెలలు తిప్పించింది.

ఆరోజు మమ్మల్ని ఆదుకున్నది పక్కన కూర్చున్న ఒక యువకుడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి దుబాయిలో పనికి వెళ్తున్నవాడు. “పెద్దమ్మా, మీరు గీడ కూసోండ్రి, నేను నడుమల సర్దుకుంట, మాకు అలవాటేనాయె” అని లేచి తన నడవ సీటు ఇచ్చాడు. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాల్లో సగం మంది అలాంటి పిల్లలే ఉంటారు. వాళ్ల మంచితనం నాలుగు గంటలే మాకు తోడున్నది. దుబాయిలో మారిన తర్వాత పదహారు గంటలు ఆమె మధ్య సీటులోనే కూర్చోవలసి వచ్చింది. లేవాలంటే ఇద్దరిని లేపాలన్న బెరుకుతో నీళ్లు తాగడం మానేసింది. డల్లాస్‌లో దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయి.

ఈ వాపును తేలికగా తీసుకోకూడదు. గంటల తరబడి కదలకుండా మోకాళ్లు మడిచి కూర్చుంటే పిక్కల సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వయసు పైబడినవాళ్లు, ఈమధ్యనే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు మరింత జాగ్రత్తగా ఉండాలి. డాక్టరును అడిగి పిక్కలను అదిమిపట్టే మేజోళ్లు వేసుకోవచ్చు. గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నడవాలి. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించుతూ ఉండాలి. వీటన్నింటికీ మూలం నడవ పక్క సీటు. అందుకే నా దృష్టిలో పెద్దవాళ్లకు కిటికీ కంటే నడవ ఎంతో విలువైనది. భార్యాభర్తలు వెళ్తుంటే నడవకు ఇటొకటి అటొకటిగా ఎదురెదురు సీట్లు తీసుకోవడం మేలు. మేము రెండో ప్రయాణం నుంచి అలాగే చేస్తున్నాము. ఇద్దరమూ ఎవరినీ లేపనక్కర లేకుండా లేవగలుగుతున్నాము, చేయి చాపితే అందేంత దూరంలోనే ఉంటున్నాము.

ఎక్కిన విమానాలన్నింటిలో నాకు మనసారా నచ్చినది ఏ380. దుబాయి నుంచి న్యూయార్క్‌కు సుమారు పద్నాలుగు గంటలు అందులో వెళ్లాము. రెండు అంతస్తుల ఆ విమానం 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌తో సేవలోకి వచ్చింది. 2021తో తయారీ ఆగిపోయింది. కాబట్టి ఉన్నవి ఉన్నన్నాళ్లే ఈ సౌకర్యం. సీటు వెడల్పు ఒక్కటే దాని గొప్పతనం కాదు. లోపలి నిశ్శబ్దం నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది. 777-300ఈఆర్ రకంలో ఒక్కొక్కటి లక్ష పౌండ్లకు మించిన తోపుడు బలం ఉన్న రెండే రెండు భారీ ఇంజన్లు ఉంటాయి. రెక్కల వెనుక కూర్చుంటే ఆ మోత చెవుల్లోనే కాదు, దవడల్లో కూడా తెలుస్తుంది. ఏ380లో నా భార్య మెల్లగా అడిగిన మాట నడవ ఇవతల ఉన్న నాకు స్పష్టంగా వినబడింది. కొన్ని సంస్థలు పై అంతస్తు వెనుక భాగంలో కూడా ఎకానమీ సీట్లు పెట్టాయి. అక్కడ వరుసకు ఎనిమిదే, కిటికీ పక్కన రెండేసి మాత్రమే ఉంటాయి. కిటికీకీ సీటుకూ నడుమ సామాను పెట్టుకునే పెట్టె కూడా ఉంటుంది. ఇద్దరే వెళ్లే దంపతులకు అంతకంటే అనువైన ఎకానమీ సీటును నేను చూడలేదు.

అయితే ఏ380లో దిగినప్పుడు ముక్కూ గొంతూ ఎండిపోయినట్లు అనిపించిన మాట దాచను. ఆ విషయంలో 787, ఏ350 మెరుగు. కారణం పూర్తిగా భౌతికశాస్త్రమే. ముప్పై అయిదు నలభై వేల అడుగుల ఎత్తులో బయటి గాలి పలుచగానూ, తేమ లేకుండానూ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి లోపలికి పంపుతారు. అయినా నేలమట్టపు ఒత్తిడి దాకా పెంచరు. పాతతరం విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉండేంత వరకు తగ్గవచ్చు. ప్రతి ప్రయాణంలోనూ ఉబ్బి తగ్గే అల్యూమినియం గొట్టం కాలక్రమంలో అలసిపోతుంది కాబట్టి ఒత్తిడిని అంతకంటే పెంచడం కష్టం. తేమ ఎక్కువైతే లోహం తుప్పు పడుతుందన్న భయం కూడా ఉంది. 2011లో వచ్చిన 787, 2015లో వచ్చిన ఏ350 ఎక్కువగా కార్బన్ పీచుతో కూడిన మిశ్రమ పదార్థాలతో తయారవుతాయి. వాటికి ఈ రెండు భయాలూ తక్కువ. అందువల్ల వాటిలో లోపలి ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు, తేమ కూడా కాస్త ఎక్కువగా ఉంటుంది. లండన్ దాకా పది గంటలు 787లో వెళ్లినప్పుడు దిగిన తర్వాత తలనొప్పి రాలేదు, కళ్లు మండలేదు. సీటు ఇరుకుగా ఉన్నా శరీరం తేలికగా ఉన్నదని ఆరోజు నోటుబుక్కులో రాసుకున్నాను.

787 కిటికీల గురించి కూడా చెప్పాలి. అవి మిగతా విమానాల కిటికీల కంటే పెద్దవి. వాటికి కిందికి లాగే తెర ఉండదు. మీట నొక్కితే అద్దమే నీలంగా నల్లబడుతుంది. ఎంత నల్లబరిచినా సూర్యుడు ఎదురుగా ఉంటే కొంత వెలుగు వస్తూనే ఉంటుంది గనుక, వెలుగులో నిద్రపట్టనివాళ్లు కళ్లకు కట్టుకునే గంత తీసుకువెళ్లడం మంచిది. ఈ విమానాన్ని మొదట వరుసకు ఎనిమిది సీట్లకు ఊహించారు. జపాన్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ విమానాల్లో ఆ ఎనిమిదినే నిలుపుకున్నది. మిగతా సంస్థలు దాదాపుగా అన్నీ తొమ్మిది పెట్టాయి. అదే తొమ్మిది ఏ350లో హాయిగా సరిపోవడానికి కారణం 787 కంటే దానికున్న పన్నెండు సెంటీమీటర్ల అదనపు వెడల్పే. వెడల్పు, గాలి, నిశ్శబ్దం మూడూ కలిసివచ్చే విమానం కావాలంటే తొమ్మిది సీట్ల ఏ350నే నేను సూచిస్తాను. ఏ380 మీద నా ఇష్టం వేరు. టికెట్టు కొనే ప్రతిసారీ అది దొరకదు.

ముందూ వెనుకల చోటు గురించి ప్రకటనల్లో చెప్పే “సీటు పిచ్” అన్న అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒక సీటు మీద ఒక బిందువు నుంచి ముందు సీటు మీద అదే బిందువుకు ఉన్న దూరం అది. ఎకానమీలో ఇది సాధారణంగా 31, 32 అంగుళాలు. సీటు వీపు మందం కూడా అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి మోకాళ్లకు దక్కేది అంతకంటే చాలా తక్కువ. పలుచని వీపు ఉన్న సీటు 31 అంగుళాల్లో ఇచ్చిన చోటు, మందపాటి సీటు 32లో ఇవ్వలేకపోవడం నేను కొలిచి చూశాను. ఇక పాదాల దగ్గర మరో చిక్కు ఉంది. ముందున్న తెరకు సంబంధించిన లోహపు పెట్టెను కొన్ని సీట్ల కింద బిగిస్తారు. ఒక ప్రయాణంలో నా ఎడమ పాదానికి అలా చోటే లేకుండా పోయి, పద్నాలుగు గంటలు కాళ్లు ఒకపక్కకు తిప్పి కూర్చున్నాను. సీట్ల పటంలో ఆ పెట్టె కనబడదు. ఎక్కగానే వంగి చూసుకొని, ఖాళీలు ఉంటే తలుపులు మూసిన వెంటనే సిబ్బందిని మర్యాదగా అడగడమే మార్గం.

గోడకు ఎదురుగా ఉండే మొదటి వరుస మంచిదని చాలామంది అనుకుంటారు. ముందు సీటు వెనక్కి వాలి మీద పడదన్న మాట నిజమే. కానీ తెరనూ, భోజనపు బల్లనూ ఆర్మ్‌రెస్టులోనే ఇమడ్చడం వల్ల అది మందంగా, పైకి లేవకుండా ఉంటుంది. సీటు ఒక అంగుళం మేర ఇరుకవుతుంది. పసిపిల్లల ఊయల తగిలించేది కూడా ఆ గోడకే కాబట్టి నిద్ర సంగతి ఆ బిడ్డ దయ. అత్యవసర ద్వారం పక్క వరుసలో కాళ్లు బాగా చాపుకోవచ్చు, అయితే ప్రమాద సమయంలో తలుపు తెరవడానికి సాయపడగల ఆరోగ్యవంతులకే అది ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని ఆశించనేకూడదు. చిట్టచివరి వరుస సీట్లు కొన్ని విమానాల్లో వెనక్కి వాలవు, టాయిలెట్ల ముందు వరుస ఎప్పుడూ ఉంటుంది. కుదుపుల సంగతికొస్తే, ఆర్టీసీ బస్సులో వెనుక చక్రాల కంటే వెనుక కూర్చున్నవాడు ఎగిరిపడినట్లే, విమానం తోక దగ్గర కూర్చున్నవాళ్లకు ఊపు ఎక్కువ. బరువు కేంద్రానికి దగ్గరగా, రెక్కల మీద ఉన్న వరుసల్లో తక్కువ. మోత తగ్గాలంటే ఇంకొంచెం ముందుకు జరగాలి. అందుకే నేను రెక్కలు మొదలయ్యేచోటికి రెండు మూడు వరుసల ముందు నడవ సీటు వెతుకుతాను.

మోకాళ్లు అసలు సహకరించనివాళ్లకు చక్రాల కుర్చీ సాయం టికెట్టుతో పాటే రాయించుకోవచ్చు. బయలుదేరడానికి రెండు రోజుల ముందైనా చెప్పాలి. శంషాబాద్‌లో నా భార్యను తలుపు దాకా తీసుకువెళ్లిన అమ్మాయి చూపిన ఓపికను మేము మరచిపోలేదు. రెండు నడవలున్న పెద్ద విమానాల్లో వికలాంగులు వాడుకోగలిగే వెడల్పాటి టాయిలెట్ కనీసం ఒకటి ఉండాలని అమెరికా నిబంధన. అది ఎక్కడున్నదో ఎక్కిన వెంటనే అడిగి తెలుసుకుంటే అర్ధరాత్రి వెతుక్కోనక్కర ఉండదు.

ఎకానమీకీ బిజినెస్ తరగతికీ నడుమ ఉండే ప్రీమియం ఎకానమీ గురించి కొద్దిగా. మేము అందులో ప్రయాణించలేదు గనుక అంకెలే చెబుతాను. ఎమిరేట్స్ ఏ380లో అది 40 అంగుళాల పిచ్, 19 అంగుళాలన్నర వెడల్పు. మరికొన్ని సంస్థల్లో పిచ్ 38 అంగుళాలు. నేను చూసినప్పుడల్లా ధర ఎకానమీకి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా ఉంది. ఒక సంగతి మాత్రం ఆలోచింపజేసింది. సింగపూర్ నుంచి న్యూయార్క్ ప్రాంతానికి పద్దెనిమిది గంటలకు పైగా నేరుగా వెళ్లే విమానాన్ని సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ఆ ప్రత్యేక ఏ350లో 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ కలిపి 161 సీట్లే పెట్టింది. ఎకానమీ తరగతే లేదు. అంత దూరం ఎగరాలంటే బరువు తగ్గించుకోక తప్పదన్నది నిజమే. అయినా దానికి రెండు గంటలే తక్కువైన మన డల్లాస్ దారిలో 17 అంగుళాల సీటులో కూర్చునే వృద్ధుల గురించి ఎవరో ఒకరు పట్టించుకోవాలి. సీట్ల కనీస కొలతలు నిర్ణయించమని 2018లోనే అమెరికా కాంగ్రెస్ అక్కడి విమానయాన నియంత్రణ సంస్థను చట్టంతో ఆదేశించింది. అది కూడా ప్రమాదంలో అందరూ త్వరగా బయటపడగలగాలన్న భద్రత కోసమే తప్ప భుజాల నొప్పి కోసం కాదు.

వచ్చే మార్చిలో ఆరో ప్రయాణంగా న్యూజెర్సీకి వెళ్తున్నాము. ఈసారి నాలుగు వేల రూపాయలు ఎక్కువైనా పది సీట్ల విమానాన్ని వదిలి, తొమ్మిది సీట్ల ఏ350 ఉన్న టికెట్టునే కొన్నాను. నడవకు ఇటొకటి అటొకటి సీట్లు రాయించాను, చక్రాల కుర్చీ అడిగాను. విమానం మారిపోయే ప్రమాదం ఉన్నది కనుక, ప్రయాణానికి వారం ముందు ఒకసారి, వెబ్ చెక్ ఇన్ తెరిచినప్పుడు మరొకసారి సీట్ల పటంలో వరుసకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటాను. టేపు ఇప్పటికే చేతిసంచిలో పెట్టాను.